నా వాటా పది కీర్తనలు

హెష్వాన్ 1, సోమవారం

ఖాతూన్‌కి రేపు ఆపరేషన్. కడుపులో గడ్డ ఉందట. స్వయానా నా తోడికోడలు, ఎదురింటి మనిషి. రెండిళ్లకీ మధ్య నాలుగడుగుల రాతి వాకిలి, ఒక పంపు. అయినా ఆ కబురు నాకు చెప్పింది వీధి చివర ఉండే హజాలే అమ్మమ్మ. మా ఆయన యోనాకి ముందే తెలుసు. సొంత వదిన కదా, తెలీకుండా ఎలా ఉంటుంది. నాకెందుకు చెప్పలేదంటే, చెప్తే ఏం చేస్తావన్నాడు. నిజమే, ఏం చేస్తాను? ఏడేళ్లుగా ఆవిడకీ నాకూ మాటల్లేవు.

మధ్యాహ్నం ఆడవాళ్లం హజాలే అమ్మమ్మ ఇంట్లో చేరాం. రేపటినుంచి నలభై రోజులు, అంటే కిస్లేవ్ నెల పన్నెండుదాకా, రోజుకోసారి దావీదు కీర్తనల పుస్తకం పూర్తి చెయ్యాలని అనుకున్నాం. కీర్తనలు నూట యాభై, మేం పదిహేను మందిమి, తలకి పది. ఎవరి పది వాళ్లు ఇంట్లో చదువుకుంటే పొద్దుగూకేసరికి వీధంతా కలిసి పుస్తకం ముగించినట్టు. చదివేముందు జబ్బుమనిషి పేరు తల్లి పేరుతో కలిపి చెప్పాలి. అస్మర్ కూతురు ఖాతూన్.

పంచిపెట్టడం ఎప్పుడూ నా పనే. ఇరాక్‌లోని జాఖో నుంచి వచ్చిన మా కుర్దు యూదు కుటుంబాల్లో బడి ముఖం చూసిన మొదటి ఆడపిల్లని నేనే. హజాలే అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి నూట ఇరవై ఒకటి మొదలుకొని చిన్నచిన్నవి ఇచ్చాను, అవన్నీ ఆవిడకి నోటికొచ్చు. నూట పంతొమ్మిదిని ఎవరూ ముట్టుకోలేదు, దాని పొడవుకి ఒక పూట పడుతుంది. చివరికి రిఫ్కాకి అంటగట్టాం. ఇంకెవరికీ అక్కర్లేనివి నేను తీసుకున్నాను: నూట ఒకటి నుంచి నూట పది.

నువ్వు కూడా చదువుతావా అని ఎవరూ నన్ను అడగలేదు. అడక్కముందే నేనే అందరితో పాటు చదువుతానన్నాను. నాకెవరి మీదా పగ లేదు.

హెష్వాన్ 2, మంగళవారం

పొద్దున్నే చదివేశాను. పేరు కూడా స్పష్టంగా చెప్పాను, తల్లి పేరుతో సహా. ఏడేళ్ల తర్వాత ఆ పేరు నా నోట వచ్చింది, ఏమీ అనిపించలేదు.

నూట తొమ్మిది కొంచెం వేరే రకం. దావీదుకి ఎవడో కీడు చేశాడు. వాడి ఆయుష్షు తగ్గాలని, వాడి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవాలని, శాపం వాడి కడుపులోకి నీళ్లలాగా, ఎముకల్లోకి నూనెలాగా దిగాలని వరసపెట్టి అడుగుతాడు. చిన్నప్పట్నుంచీ చదువుతున్నదే. ఇవాళ అక్కడికి వచ్చేసరికి గొంతు దానంతటదే లేచింది. కుట్టుపనికి బయల్దేరుతున్న మా అవీవా గుమ్మంలో ఆగిపోయి, "ఎవర్ని తిడుతున్నావమ్మా?" అంది.

కీర్తన చదువుతున్నానని చెప్పాను. అబద్ధమేం కాదు కదా.

హెష్వాన్ 3, బుధవారం

ఆపరేషన్ బాగానే జరిగిందట. పది చదివాను. నూట తొమ్మిది దగ్గర గొంతు తగ్గిద్దామనుకున్నాను. తగ్గలేదు. బాగా చదివినరోజు ఉండే తృప్తి ఉంటుంది చూశారా, అది.

చూశారా అని ఎవరితో అంటున్నాను. ఎవరూ లేరు ఇక్కడ.

హెష్వాన్ 4, గురువారం

పది చదివాను. తర్వాత పంపు దగ్గర గిన్నెలు తోముతుంటే ఖాతూన్ భర్త గుర్జీ బావగారు ఆసుపత్రి నుంచి వచ్చి, తల దించుకుని ఇంట్లోకి పోతుంటే యోనా పలకరించాడు. కడుపులో నీళ్లు చేరాయట. గొట్టం వేసి తీస్తున్నారట. జ్వరం కూడా ఉందట.

ఏం చేరాయని మళ్లీ అడిగాను. ఏడేళ్లలో ఆ ఇంటి విషయం నేను అడగడం అదే మొదలు కాబట్టి బావగారు నావైపు వింతగా చూశారు. నీళ్లమ్మా అన్నారు.

లోపలికొచ్చి కూర్చున్నాను. చేతులకి ఇంకా సబ్బు ఉంది.

హెష్వాన్ 5, శుక్రవారం

ఇవాళ తొమ్మిదే చదివాను. నూట ఎనిమిది నుంచి నూట పదికి వెళ్లిపోయాను. నూట యాభైలో ఒక్కటి. చెడు జరక్కుండా ఉండాలనే కదా వదిలేశాను. ఆవిడ మేలు కోరే మానేశాను.

హెష్వాన్ 7, ఆదివారం

నిన్న శబ్బాతు, పొయ్యి వెలిగించకూడదు, కలం పట్టకూడదు, అందుకే రాయలేదు. భోజనాలయ్యాక అందరం హజాలే అమ్మమ్మ ఇంట్లో కూర్చున్నాం. వారానికోసారి ఆవిడ ఒక్కొక్కళ్లనీ అడుగుతుంది, నీ వాటా అయిందా అని. అయింది, అయింది, అయింది అని చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేను తల ఊపాను. అయిందని నోటితో అనలేదు. తల ఊపడం వేరు.

"పద్నాలుగు మంది చదివినా పదిహేనో మనిషి చదవకపోతే పుస్తకం కుంటిదైపోతుంది. అందుకే అడుగుతానర్రా, ఏం అనుకోకండి" అంది ముసలావిడ. ఎప్పుడూ అనే మాటే. నా వంక చూసి అనలేదు.

హెష్వాన్ 8

తొమ్మిది.

హెష్వాన్ 9

తొమ్మిది. వాన. వాకిట్లో బండలు జారుతున్నాయి.

హెష్వాన్ 10

తొమ్మిది.

హెష్వాన్ 11, గురువారం

ప్రార్థనామందిరం దగ్గర మా గురువుగారు కనిపిస్తే ఆపి అడిగాను, మా దూరపు చుట్టం ఒకావిడ కీర్తనల వాటాలో ఒకటి పొరపాటున వదిలేస్తోందట, ఫర్వాలేదా అని. ఆయన గొడుగు సర్దుకుంటూ, చదివింది ఎక్కడికీ పోదమ్మా, కానీ పుస్తకం పూర్తయిందని మాత్రం అనకూడదని చెప్పారు. మీ చుట్టాన్ని ఆ ఒక్కటీ ఇప్పుడు చదవమనండి అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఏ కీర్తన అని అడిగారు.

గుర్తులేదన్నాను.

హెష్వాన్ 14, ఆదివారం

నిన్న మళ్లీ తల ఊపాను. జ్వరం తగ్గిందట, గొట్టం ఇంకా ఉందట. మానేశాక తగ్గుతోందంటే నేను చేసింది మంచిదే అనుకోవాలి. మరి అలా అనుకుంటే, అంతకుముందు చేసింది?

హెష్వాన్ 16, మంగళవారం

రిఫ్కా ఇంటికి వెళ్లాను. నూట పంతొమ్మిదితో సహా నీ పదీ నాకిచ్చెయ్, నా పదీ నువ్వు తీసుకో, పాపం పొడుగుది చదవలేక చస్తున్నావు అన్నాను. రిఫ్కాకి ఖాతూన్ మీద కోపం లేదు. నూట తొమ్మిది ఆవిడ నోట ఒట్టి కీర్తనే అవుతుంది. ఎంత మంచి ఉపాయం అని దారంతా మురిసిపోయాను.

ఇవ్వనంది. మొదటి రోజు ఏడ్చిందట, ఇప్పుడు నోరు తిరిగిందట, మధ్యలో ఇస్తే పడ్డ కష్టమంతా వృథా అంది. పైగా నీకు ఒంట్లో బాగోలేదా, ముఖం అలా ఉందేంటని ఆరా తీసి రెండు రొట్టెలు చేతిలో పెట్టి పంపింది.

తొమ్మిది.

హెష్వాన్ 22, సోమవారం

ఖాతూన్‌ని ఇంటికి తెచ్చారు. కొడుకులిద్దరూ రెండు వైపులా పట్టుకుంటే బండల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లింది. కిటికీ తెర వెనక నిలబడి చూశాను. పండగలప్పుడు అరవై మందికి ఒంటిచేత్తో వండే మనిషి. మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. గడ్డని పరీక్షకి పంపారట, ఏ సంగతీ తెలియడానికి ఇంకా టైం పడుతుందట.

హెష్వాన్ 24, బుధవారం

పుల్లటి పులుసులో మాంసం కూరిన కుబ్బె ఉండలు వేసి చేశాను. ఎక్కువైతే పారబోయడం ఎందుకని అవీవా చేత అవతలికి పంపాను. ఎవరు పంపారో చెప్పకు అన్నాను. చెప్పక్కర్లేదమ్మా, గిన్నె చూస్తే తెలీదా అంది.

సాయంత్రం గిన్నె కడిగి పంపించింది. ఏమైనా అందా అని అవీవాని అడిగితే నసిగింది. చివరికి చెప్పింది. ఉప్పు తక్కువ అందట.

ఏడేళ్లకి వచ్చిన మొదటి మాట. కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది.

హెష్వాన్ 28, ఆదివారం

పేరు చెప్పకుండా నూట తొమ్మిది చదివితే ఎవరికీ తగలదు కదా అనిపించింది. తలుపు వేసుకుని మొదలుపెట్టాను. పేరు నోటితో చెప్పకపోయినా మనసులో ఆ మనిషే వచ్చి నిలబడింది, మెడ ఎముకలతో సహా. రెండో వాక్యం దగ్గర ఆపేశాను.

నిన్న కూడా తల ఊపాను. అలవాటైపోయింది.

కిస్లేవ్ 1, మంగళవారం

రాసేస్తాను. మాటలెందుకు పోయాయో ఈ రాసుకునే పుస్తకంలో నేను ఎక్కడా రాయలేదు, మాటల్లేవు అని మాత్రమే రాశాను.

మా మామగారికి చివరి నాలుగేళ్లు కళ్లు కనిపించలేదు. రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టి నేనే ఆయనకి కీర్తనలు చదివి వినిపించేదాన్ని, జాఖో నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పాత పుస్తకంలోంచి. ఆయన పోయాక ఆ పుస్తకం పెద్దకొడుక్కి వెళ్లింది. అంటే ఖాతూన్‌కి. ఆవిడ దాన్ని దిండు కింద పెట్టుకుంది. అక్షరం రాని మనిషి దిండు కింద, నాలుగేళ్లు నేను చదివిన పుస్తకం. సంతాపం ఏడు రోజులూ ముగియలేదు, ఇంటినిండా ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. ఖాతూన్ మా వెంట కీర్తన చెప్తోంది, ఎప్పటిలాగే మాటలు అటూ ఇటూ చేస్తూ. నేను దిద్దాను. మళ్లీ తప్పింది, మళ్లీ దిద్దాను. మూడోసారి అన్నాను, "నువ్వు చదివే తప్పులకి దేవుడు చెవులు మూసుకుంటాడు. నీకా పుస్తకం ఉంటే ఎంత, పోతే ఎంత?"

లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ శబ్బాతుకీ కీర్తనలకి రాలేదు. ఆవిడ పొగరు మనిషని అందరితో చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఏడేళ్లూ ఆ పొగరు ఎవరిదో నాకు తెలుసు.

కిస్లేవ్ 3, గురువారం

ఇవాళే రాయాలి.

మగవాళ్లు పనికి వెళ్లారు, అవీవా కుట్టుపనికి వెళ్లింది. జోరున వాన. ఎదురింట్లో ఏదో దభీమని పడిన చప్పుడైంది. ఎవరైనా వెళ్తారులే అని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరున్నారు వెళ్లడానికి? చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటాను.

మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కిరసనాయిలు పొయ్యి వెలిగించబోయి కాళ్లు తేలిపోయాయట. చంకల కింద చేతులేసి లేపాను. ఇంత తేలికైపోయిందా అనిపించి ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. పడుకోబెట్టి, పొయ్యి వెలిగించి, టీ పెట్టాను. చక్కెర డబ్బా ఎక్కడుందో అడగాల్సిన పని పడలేదు, అప్పటి చోటే.

టీ సగం తాగాక అడిగింది, అందరూ తలా పది చదువుతున్నారట కదా, నీ వాటా ఏంటని. నూట ఒకటి నుంచి నూట పది అన్నాను. కళ్లు మూసుకుంది. పెదాలు కదుపుతూ వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది. ఎనిమిదో తొమ్మిదో వేలు దగ్గర కళ్లు తెరిచింది.

"అందులో తిట్ల పాట ఉంది కదా?"

ఉందన్నాను.

"చదివావా?"

"మూడు రోజులు చదివానక్కా. గట్టిగా చదివాను. తర్వాత నీ కడుపులో నీళ్లు చేరాయన్నారు, భయమేసి మానేశాను. అప్పట్నుంచీ చదవట్లేదు. ఎవరికీ చెప్పలేదు."

నన్నే చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని, నొప్పికి కళ్లనీళ్లు వస్తున్నా ఆపుకోలేక నవ్వింది.

"నీ తిట్టుకి నీళ్లొచ్చేట్టయితే, ఎండాకాలం మన పంపులో ఎందుకు రావే?"

నాకు నవ్వు రాలేదు. ఆవిడ కూడా ఆపేసింది. తర్వాత చెప్పిన మాటలు ఒక్కటీ మర్చిపోకూడదని రాసుకుంటున్నాను. నేను మామగారికి చదివి వినిపించిన నాలుగేళ్లూ ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని విందట. చాలా భాగం అలాగే నోటికొచ్చిందట. మాటలు అటూ ఇటూ అయి ఉంటాయి, విన్నది విన్నట్టే పట్టుకున్నానంది.

"అది తిట్టేవాడి పాట కాదే. మోకాళ్లు నిలవట్లేదంటాడు, ఒంట్లో కండ లేదంటాడు, చూసినవాళ్లందరూ తలలాడించి పోతున్నారంటాడు. మంచాన పడ్డవాడి పాట. నా పాట. తిట్లంటావా, ఒళ్లు బాగోలేనివాడు తిట్టడా? ఆసుపత్రిలో నేను డాక్టర్ని తిట్టలేదనుకున్నావా? నువ్వు చిన్నప్పట్నుంచీ చదువుతున్నావు. నీకు తిట్లే కనిపించాయి."

చదువుకున్నదాన్ని నేను. ఆ మనిషి మోకాళ్ల సంగతి ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు అడిగాను. మంచం పక్కన మోకరించి, ఆ రోజు అన్న మాటకి క్షమించమన్నాను. ఏడ్చాను కూడా. ఖాతూన్ నా తల మీద చెయ్యి వెయ్యలేదు. వాన వంక చూస్తూ అంది:

"అప్పుడు ఇల్లు నిండా జనం. ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం."

అంతే. టీ గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

కిస్లేవ్ 4, శుక్రవారం

పది. నూట తొమ్మిది మెల్లగా చదివాను, ఆవిడ నోటితో చెప్తున్నట్టు అనుకుంటూ. మోకాళ్ల దగ్గరికి వచ్చాక ఆగాను.

కానీ ఇరవై ఎనిమిది రోజులు పోయాయి. ఈ నలభైలో ఇరవై ఎనిమిది రోజుల పుస్తకం కుంటిది. పద్నాలుగు మంది నిష్ఠగా చదువుతున్నారు, నా తల ఊపు నమ్మి.

కిస్లేవ్ 6, ఆదివారం

నిన్న హజాలే అమ్మమ్మ అడిగితే ఈ వారం ఒక్కరోజు చదివానని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. తల కూడా ఊపలేదు. పొయ్యి చూడాలని లేచి బయటికి వచ్చేశాను. శబ్బాతునాడు పొయ్యి చూడాలట! ఎవరైనా నమ్ముతారా. ఇవాళ సాయంత్రం యోనాకి చెప్పాను, అంతా. పొద్దంతా రాళ్లు చెక్కి వచ్చిన మనిషి, వింటూ వింటూ నిద్రపోతాడనుకున్నాను. పోలేదు. "వచ్చే శబ్బాతు నలభయ్యో రోజు. అందరూ వదిన దగ్గరే చేరతారు. అక్కడ చెప్పు" అన్నాడు.

కిస్లేవ్ 9, బుధవారం

పది. పరీక్ష ఫలితం వచ్చింది. గడ్డ చెడ్డదే, కానీ మొత్తం తీసేశామని, వేరేచోట ఏమీ కనిపించలేదని డాక్టర్ చెప్పాడట. నెలనెలా చూపించుకోవాలి. గుర్జీ బావగారు వాకిట్లోకి వచ్చి ఏదో అడగడానికన్నట్టు నిలబడి, ఏమీ అడక్కుండా ఏడ్చేశారు. యోనా ఆయన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఏడేళ్ల తర్వాత మా ఇంట్లో ఆయన టీ తాగారు.

కిస్లేవ్ 11, శుక్రవారం

పది. రేపు. మాటలు ముందే రాసుకుందామంటే కలం కదలట్లేదు. హజాలే అమ్మమ్మ ఇక నా చేత వాటాలు పంచనివ్వదేమో. రిఫ్కా అయితే మొహమ్మీద తలుపేస్తుంది. రెండూ నాకు తగినవే. ఒక్కటే భయం. ఈ కబురు విని జబ్బుమనిషి కోసం ఇన్నాళ్లు చదివింది వృథా అయిపోయిందని వాళ్లు అంటే, అది ఖాతూన్ వినాల్సొస్తుంది.

కిస్లేవ్ 13, ఆదివారం

చెప్పేశాను.

అందరూ ఖాతూన్ గదిలో, చోటు చాలక కొందరు వాకిట్లో. ఆవిడ దిండ్లు ఆనుకుని కూర్చుంది. పూర్తయిందా అని హజాలే అమ్మమ్మ మొదలుపెట్టింది, అయింది, అయింది అంటూ నా దాకా వచ్చింది. లేచి నిలబడ్డాను. ముందు ఏడేళ్ల నాటి మాట చెప్పాను, ఉన్నది ఉన్నట్టు, తప్పులకి దేవుడు చెవులు మూసుకుంటాడన్న మాటతో సహా. ఆ మాట అన్నందుకు అందరి ముందూ అక్కని క్షమించమని అడుగుతున్నానన్నాను. తర్వాత నూట తొమ్మిది సంగతి, ఇరవై ఎనిమిది రోజుల సంగతి.

ముందు రిఫ్కాకి మాట వచ్చింది.

"నేను నలభై రోజులు నూట పంతొమ్మిది చదివానే తల్లీ. నలభై రోజులు!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో ఇప్పుడెలా, ఇదంతా లెక్కలోకి వస్తుందా రాదా అని గొణిగారు. అందరం హజాలే అమ్మమ్మ వైపు చూశాం. ఎనభై ఏళ్ల మనిషి, నింపాదిగా ముక్కు తుడుచుకుంది.

"ఏముంది. రేపట్నుంచి మళ్లీ మొదలెట్టండి. నలభై రోజులు."

రిఫ్కా తల పట్టుకుంది. ఖాతూన్ నా వంక చూడకుండా పైకప్పు వంక చూస్తూ అంది, "అయితే మీ లెక్క తేలేదాకా ఇంకో నలభై రోజులు నేను బతికి ఉండాలన్నమాట. సరే, ఉంటాను."

తర్వాత తనకీ వాటా కావాలంది. జబ్బుమనిషి తన కోసం తనే చదువుకోవడం ఎక్కడైనా ఉందా అని ఒకరు అడిగితే, దావీదు చేసిందేమిటి మరి అంది. నూట తొమ్మిది నాది, మిగతా తొమ్మిదీ నాజే చదువుతుంది అని తనే తేల్చేసింది. నా పేరు. అందరి ముందూ. మామగారి పుస్తకం మాత్రం ఇవ్వనని కూడా చెప్పింది, దిండు సర్దుకుంటూ. అడగనక్కా అన్నాను.

శబ్బాతు కాబట్టి నిన్న రాసి పంచలేకపోయాను. పొద్దున పదహారు చీటీలు రాశాను. ఖాతూన్ చీటీ మీద ఒక్క అంకె. ఆవిడకి అది చదవడం రాదు, అయినా ఇచ్చాను, మడిచి జేబులో వేసుకుంది.

ఇవాళ వాన లేదు. పంపు దగ్గర బట్టలు ఉతుకుతుంటే ఎదురింటి కిటికీలోంచి గొంతు వినిపించింది. నూట తొమ్మిది మొదలుపెట్టింది. గొంతు ఇంకా నీరసంగానే ఉంది. మొదటి వరసలోనే ఒక మాట ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోయింది. ఉతకడం ఆపి, తడి చేతులతో అక్కడే కూర్చుని చివరిదాకా విన్నాను. తిట్లు వచ్చాయి, పోయాయి. మోకాళ్లు వచ్చాయి, అక్కడ గొంతు కాస్త ఆగి మళ్లీ సాగింది. అయ్యాక నేను ఆమేన్ అన్నాను.

"గట్టిగా అను, వినపడలేదు" అంది లోపల్నుంచి.

గట్టిగా అన్నాను.